స్టువర్టుపురం నుంచి మథారే దాకా: విజిల్ ఎవరి చేతిలో ఉంది?



"పిల్లలు చెడిపోతున్నారు, ఒక గ్రౌండు చూపిస్తే దారిలో పడతారు" అనే మాట ఈమధ్య మన్యంలో బాగా వినబడుతోంది. గంజాయి మూటలు మోసి పట్టుబడ్డ మన కుర్రాళ్ళ సంగతి మనకి కొత్తగా చెప్పక్కర్లేదు. సరుకు కొనేవాడు ఎక్కడో ఉంటాడు, మూట మోసినవాడు కోర్టు చుట్టూ తిరుగుతుంటాడు. అందుకే వాలీబాల్ కిట్లు వస్తున్నాయి, టోర్నమెంట్లు జరుగుతున్నాయి. ఆట మంచిదే, మనకి ఇష్టమే. కానీ మన జాతులకీ "నేరం" అనే మాటకీ మధ్య ఒక పాత లెక్క ఉంది. అది తెలుసుకోకుండా ఈ పనిలో దిగితే మన మీద మనమే ముద్ర వేసుకున్నట్టవుతుంది.

ఆ ముద్రకి చట్టం రూపం వచ్చింది 1871లో. దాని పేరు క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్. మొదట ఉత్తరాదిలో పెట్టారు, 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. మనిషి ఏం చేశాడన్నది ఆ చట్టానికి అనవసరం, ఏ కులంలో పుట్టాడన్నదే కావాలి. రిజిస్టరులో పేరు ఎక్కితే వేలిముద్రలు ఇవ్వాలి. ఊరు దాటాలంటే పాసు ఉండాలి. చెప్పిన వేళకి వచ్చి హాజరు పలకాలి.

ఎరుకల వాళ్ళనే తీసుకోండి. ఒకప్పుడు వాళ్ళు వ్యాపారులు. ఎడ్ల మీద, గాడిదల మీద కోస్తా ఉప్పుని లోపలి ఊళ్ళకి మోసి, అక్కణ్ణించి ధాన్యం తెచ్చేవాళ్ళు. ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, రైళ్ళొచ్చాయి, ఆ వ్యాపారం పోయింది. బుట్టలల్లుకుందామంటే అడవి చట్టాలు అడ్డొచ్చాయి. బతుకుతెరువు పోయిన వాళ్ళని, తిరుగుతున్నారు కాబట్టి దొంగలే అన్నారు. మీనా రాధాకృష్ణ గారు 'డిసానర్డ్ బై హిస్టరీ' అనే పుస్తకంలో ఇదంతా రికార్డులు తీసి చూపించారు. వీలైతే మనలో ప్రతి ఒక్కరూ చదవాల్సిన పుస్తకం.

1910వ దశకంలో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో ఒక సెటిల్‌మెంట్ మొదలైంది. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరే దానికి పెట్టారు. అదే స్టువర్టుపురం. బాగుచేస్తాం అని తెచ్చిపెట్టారు గానీ, తర్వాత చీరాల పొగాకు కంపెనీకి కూలీలు దొరికింది కూడా అక్కణ్ణించే. బాగుచేయడం అనే మాట వినగానే, దానివల్ల ఎవరికి లాభం అని కూడా అడగడం మనం అలవాటు చేసుకోవాలి.

మద్రాసులో ఆ చట్టం 1947లో పోయింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. దాని స్థానంలో హాబిచువల్ అఫెండర్స్ చట్టాలు వచ్చాయి, అది వేరే కథ. 1970లలో లవణం, హేమలత లవణం దంపతులు స్టువర్టుపురంలో ఏళ్ళ తరబడి పనిచేశారు. అయినా సినిమా వాళ్ళకి ఆ ఊరంటే దొంగల ఊరే. 1991 ఒక్క ఏడాదే ఆ ఊరి పేరు పెట్టి రెండు సినిమాలు వచ్చాయి. 2023లో ఇంకోటి!

ఇప్పుడు ఆట సంగతి. ఆ ఊళ్ళోనే పుట్టిన రాగాల వెంకట రాహుల్ హకీంపేట స్పోర్ట్స్ స్కూల్లో చేరి వెయిట్‌లిఫ్టింగ్ నేర్చుకున్నాడు. 2014లో నాన్‌జింగ్ యూత్ ఒలింపిక్స్‌లో 77 కిలోల విభాగంలో వెండి పతకం తెచ్చాడు. 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో మొత్తం 338 కిలోలు ఎత్తి బంగారు పతకం గెలిచాడు. ఆ రోజు స్టువర్టుపురం పేరు పేపర్లలో ఎలా వచ్చిందో గుర్తుందా? పొగిడిన చోట కూడా "దొంగల ఊరి నుంచి" అనే తోక కనబడింది. పతకం మెడలో పడినా ఆ తోక తెగలేదు.

ఇంకో సంగతి కూడా చూడాలి. రాహుల్ గెలవడానికి ఊరు వదిలి హకీంపేట వెళ్ళాలి. ప్రతిభ ఉన్నవాడు అలా వెళ్తాడు, వెళ్ళాలి కూడా. మరి సెలెక్షన్లలో రాలేని తొంభైమంది సంగతేంటి? సాయంత్రం పూట ఊళ్ళో ఖాళీగా ఉండేది వాళ్ళే. మూట మోసేవాణ్ణి వెతుక్కుంటూ వచ్చే దళారీకి దొరికేదీ వాళ్ళే. ఛాంపియన్లని తయారుచెయ్యడం ఒక పని, ఊళ్ళో ఆటని నిలబెట్టేవాళ్ళని తయారుచెయ్యడం ఇంకో పని. మన దగ్గర మొదటిదే ఎక్కువ మాట్లాడతాం.

రెండో పనికి మాకు దొరికిన మంచి ఉదాహరణ కెన్యాలో ఉంది. నైరోబీ నగరంలో మథారే అనే పెద్ద మురికివాడ. 1987లో బాబ్ మన్రో అనే కెనడా ఆయన అక్కడి పిల్లలతో కలిసి మథారే యూత్ స్పోర్ట్స్ అసోసియేషన్ మొదలుపెట్టాడు. ప్లాస్టిక్ సంచులు చుట్టి తాడుతో కట్టిన బంతితో ఆడుకునే పిల్లలు వాళ్ళు. షరతు ఒకటే: వాడలో చెత్త ఎత్తాలి, కాలవలు తియ్యాలి. ఆ పనికి లీగ్ పట్టికలో పాయింట్లు ఇచ్చారు. అంటే ఎన్ని గోల్స్ కొట్టినా, పార పట్టకపోతే ఆ జట్టు వెనకబడుతుంది.

దానికంటే గొప్ప సంగతి, ఆ సంస్థని నడిపింది పిల్లలే. ఒక్కో జోన్‌కి ఎన్నికలు పెట్టుకుని కమిటీలు వేసుకున్నారు. మ్యాచ్‌ల టైము వేసేదీ, రిఫరీగా నిలబడేదీ, చిన్నపిల్లలకి కోచింగ్ ఇచ్చేదీ పెద్ద కుర్రాళ్ళూ అమ్మాయిలే. ఈ పనులన్నిటికీ శిక్షణ ఉండేది, చేసిన ప్రతి పనికీ పాయింట్లు ఉండేవి. పాయింట్లు ఎక్కువొచ్చిన వాళ్ళకి లీడర్‌షిప్ అవార్డు, ఆ డబ్బు నేరుగా బడి ఫీజుకి. నాయకత్వం అంటే ఉపన్యాసం చెప్పడం కాదు, ఆదివారం పొద్దున్నే లేచి గ్రౌండుకి సున్నం గీతలు గీయడం అని అక్కడి పిల్లలకి అలా తెలిసింది. మైదానంలో పచ్చకార్డు కూడా పెట్టారు. మర్యాదగా ఆడినవాడికి రిఫరీ అది చూపిస్తాడు, దానికీ పాయింట్లే. మందలించే కార్డులు ప్రపంచమంతా ఉన్నాయి, మెచ్చుకునే కార్డు పెట్టాలని తోచింది మాత్రం వీళ్ళకి. పోలీసులు వీధుల్లోంచి పట్టుకెళ్ళి రిమాండులో పెట్టిన పిల్లల కోసం కూడా ఒక పని నడిపారు. 1992లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం నుంచి గ్లోబల్ 500 అవార్డు వచ్చింది. 1994లో పుట్టిన మథారే యునైటెడ్ జట్టు 2008లో కెన్యా ప్రీమియర్ లీగ్ గెలిచింది. మా దృష్టిలో ఆ కప్పు కంటే ఆ కమిటీలే పెద్దవి.

అమెరికాలో ఇదే కాలంలో ఇంకో ప్రయత్నం జరిగింది. 1986లో మేరీలాండ్‌లోని గ్లెనార్డెన్‌లో స్టాండిఫర్ అనే ఆయన రాత్రి 10 నుంచి 2 దాకా బాస్కెట్‌బాల్ పెట్టించాడు, నేరాలు జరిగే వేళ కుర్రాళ్ళు కోర్టులో ఉంటారని. మంచి మనసుతో మొదలైందే. కానీ ఊళ్ళూ నగరాలూ దాన్ని తీసుకున్నకొద్దీ "నల్లజాతి యువకులంటే ప్రమాదం, రాత్రిపూట వాళ్ళని ఒకచోట పెట్టాలి" అనే భావం దానికి అంటుకుంది. 1994లో నేరాల బిల్లు మీద చర్చలో రాజకీయ నాయకులు దాన్ని ఎగతాళి కూడా చేశారు. రాత్రిపూట ఒకచోట పెట్టడం అనగానే మాకు మాత్రం సెటిల్‌మెంట్ హాజరే గుర్తొస్తుంది.

మన ఏజెన్సీ టోర్నమెంట్లకి వద్దాం. మూడు రోజులు మైకు, జెర్సీలు, ఫైనల్ రోజు ఫొటోలు. నాలుగోరోజు నెట్టు ఎవరింట్లో ఉందో ఎవరికీ తెలీదు. తప్పు పట్టడానికి కాదు, ఆటకి వచ్చిన డబ్బులో రిఫరీ శిక్షణకి పైసా ఉండదు కాబట్టి చెప్తున్నాం. అమ్మాయిలు ఆడేది ఇంకా తక్కువ. మథారేలో 1990లలోనే అమ్మాయిల లీగ్ మొదలైంది, మన దగ్గర ఇంకా "సాయంత్రం పూట ఎందుకమ్మా" దగ్గరే ఉన్నాం.

అలాగని మనకి నాయకులు లేకపోలేదు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కి భారత హాకీ జట్టు కెప్టెన్ ఒక ముండా యువకుడు, జైపాల్ సింగ్. 1946లో రాజ్యాంగ సభలో ఆదివాసుల తరఫున నిలబడి మాట్లాడిందీ ఆయనే.

ఈ వేసవికి మా ఆలోచన ఇదీ. సెలవులకి ఇళ్ళకెళ్ళే డిగ్రీ పిల్లలు ఊరికి ఇద్దరు చొప్పున, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, ముందుగా రిఫరీ రూల్స్ నేర్చుకుని వెళ్ళాలి. జట్లు ఊళ్ళో పిల్లలే వేసుకుంటారు. బావి దగ్గర శుభ్రం చేసినా, చిన్నపిల్లలకి లెక్కలు చెప్పినా లీగ్‌లో పాయింట్లు. కేసుల్లో ఉండి బెయిల్ మీద వచ్చిన కుర్రాళ్ళని కూడా పిలవాలి, అందరితో పాటే, వేరే జట్టుగా కాదు. పోస్టర్ మీద "నేర నిరోధక క్రీడలు" అని ఎవరు రాయమన్నా రాయొద్దు. ఊరి పేరు, ఆట పేరు చాలు. స్కోరు పుస్తకం, విజిల్ ఊళ్ళోనే ఉంచి రావాలి. ఏ ఊరికి ఎవరు వెళ్తారో కింద పేర్లు రాయండి.