మనస్సుకూ గాయానికీ నడుమ: 1861 ఆంగ్ల చట్టంలో నేరబాధ్యత

చేసిన పని ఒక్కటే మనిషిని దోషిగా నిలబెట్టదు; దాని వెనుక దోషపూరితమైన మనస్సు కూడా ఉండాలి. ఆంగ్ల నేరన్యాయానికి ఇది మూలసూత్రం. 17వ శతాబ్దంలో ఎడ్వర్డ్ కోక్ దీనిని లాటిన్ సూక్తి రూపంలో తన న్యాయగ్రంథంలో పొందుపరచాడు. అయితే ఆ మనస్సు ఎంతమేరకు దోషపూరితమై ఉండాలి? జరిగినంత హానినీ నిందితుడు ముందుగా ఊహించి ఉండాలా, ఎంతో కొంత హానిని ఊహిస్తే చాలునా? ప్రాణం తీయని దాడుల విషయంలో ఆంగ్లచట్టం ఈ ప్రశ్నకు ఇచ్చిన సమాధానాన్ని చారిత్రకంగా పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

ఇంగ్లండులో ఈ నేరాలకు నేటికీ ప్రధానాధారం 1861 నాటి వ్యక్తులపై నేరాల చట్టం. ఇది సూత్రబద్ధంగా ఆలోచించి కూర్చిన స్మృతి కాదు. 1803 నాటి ఎలెన్‌బరో చట్టంతో మొదలై 1828, 1837 చట్టాలలో మారుతూ వచ్చిన నిబంధనలను ఒకచోట చేర్చిన సంకలనం. కనుకనే దాని సెక్షన్ల మధ్య పొందిక తక్కువ. తీవ్రహాని తలపెట్టి గాయపరిస్తే 18వ సెక్షన్ కింద యావజ్జీవ శిక్ష పడవచ్చు. ఆ ఉద్దేశం లేకుండా ‘మలీషియస్‌’గా గాయపరిస్తే, లేదా తీవ్రహాని కలిగిస్తే 20వ సెక్షన్ కింద గరిష్ఠంగా 5 సంవత్సరాల శిక్ష. అంతకన్నా తక్కువ హానికి దారితీసిన దాడికి 47వ సెక్షన్ కిందనూ అదే 5 సంవత్సరాలు.

‘మలీషియస్’ అన్న మాటకు లోకవ్యవహారంలో అర్థం ద్వేషబుద్ధి. 1957 నాటి కన్నింగ్‌హామ్ కేసులో నిందితుడు డబ్బు కోసం గ్యాసు మీటరును ఊడబెరికాడు. గ్యాసు గోడ దాటి పక్క ఇంటిలోకి వ్యాపించి అక్కడి వృద్ధురాలి ప్రాణానికి ముప్పు తెచ్చింది. 23వ సెక్షన్‌లోనూ ఉన్న ఈ మాటకు విచారణ న్యాయమూర్తి దుర్మార్గమని అర్థం చెప్పగా, అప్పీలు న్యాయస్థానం అంగీకరించక శిక్షను రద్దు చేసింది. ఆ విధమైన హానిని ఉద్దేశించడం, లేదా అది జరగవచ్చునని ఎరిగి కూడా తెగించడం మాత్రమే ఆ మాటకు అర్థమని నిర్ణయించింది. ఆ విధంగా నైతిక నింద స్థానంలో నిందితుని ఎరుక నిలిచింది.

కాని ఆ ఎరుక పరిమాణం విషయంలో న్యాయస్థానాలు వెనుకడుగు వేశాయి. 20వ సెక్షన్‌కు తీవ్రహానిని ఊహించనక్కరలేదనీ, కొంత శారీరక హానిని ఊహిస్తే చాలుననీ 1991లో ప్రభువుల సభ స్థిరపరచింది. అదే తీర్పులోని మరొక కేసులో ఒక స్త్రీ వేరొక స్త్రీపై బీరు చల్లబోగా గ్లాసు చేయిజారి పగిలి గాయమైంది. బీరు చల్లాలన్న ఉద్దేశమే 47వ సెక్షన్‌కు సరిపోతుందని సభ తేల్చింది. దాడికి పూనుకున్నవాడు దాని పర్యవసానాన్ని కూడా మోయాలన్నది ఇందులోని తర్కం. దానిని కొట్టివేయలేము. అయినా ఒకే మనస్సుతో ఒకే పని చేసిన ఇద్దరిలో ఒకరికి చిన్న నేరం, మరొకరికి పెద్ద నేరం అంటగట్టేది ఇక్కడ యాదృచ్ఛికతే.

ఇందుకు భిన్నమైన మార్గం ఆనాడే ఉంది. మెకాలే నాయకత్వంలో 1837లో ముసాయిదాగా సిద్ధమై, 1860లో శాసనమై, 1862లో అమలుకు వచ్చిన భారత శిక్షాస్మృతి 320వ సెక్షన్‌లో తీవ్రగాయాన్ని ఎనిమిది రకాలుగా నిర్వచించింది. తీవ్రగాయం జరగడమే కాక, నిందితుడు దానిని ఉద్దేశించి ఉండాలని, లేదా జరిగే అవకాశం ఉందని ఎరిగి ఉండాలని 322వ సెక్షన్ వివరణ స్పష్టం చేసింది. పాలితులకు రాసిన స్మృతిలో మనస్సుకూ గాయానికీ కుదిరిన పొంతన, పాలకుల సొంత చట్టంలో కుదరలేదు. వలస న్యాయస్థానాలు న్యాయమే పంచాయని దీని అర్థం కాదు. స్మృతిగా కూర్చడానికీ పోగుచేయడానికీ ఉన్న భేదం ఇక్కడ తెలుస్తుంది. ఆ వివరణ 2023 నాటి భారతీయ న్యాయసంహితలోనూ కొనసాగింది.

ఇంగ్లండు లా కమిషన్ 1993లోనూ, 2015లోనూ సంస్కరణలను సూచించినా 1861 చట్టమే నిలిచి ఉంది. పాతమాటలకు కొత్త అర్థాలు చెప్పుకుంటూ న్యాయమూర్తులు దానిని నడుపుతున్నారు. మనిషిని అతని మనస్సును బట్టి తూచాలన్న సూత్రం ఆంగ్లన్యాయానికి మొదటిపాఠమే అయినా, గాయాల విషయంలో అది ఇంకా పూర్తిగా ఆచరణకు రాలేదు.