పట్టా మీది పేరు: విశ్వవిద్యాలయముల ర్యాంకులు, కావలి ప్రాంత విద్యా చరిత్ర – ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

గత వేసవిలో మా సంఘస్థులొకరు ఇంటర్మీడియట్ పూర్తిచేసిన కుమారుని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చారు. ఆయన ఫోనులో విశ్వవిద్యాలయముల ర్యాంకుల జాబితా ఉన్నది. "అయ్యగారూ, ఎకరం చేను తాకట్టు పెట్టయినా వీణ్ణి పై ర్యాంకు ఉన్నదాంట్లో చేర్పించాలనుకుంటున్నాను. మన కావలి కాలేజీ పేరు మొదటి నూరింటిలో లేదు" అన్నారు. కుమారుడు జాబితాను క్రిందికి జరిపి, "మీకు బి.డి. ఇచ్చిన సెరంపూరు కూడా ఇందులో లేదండీ" అన్నాడు. మేము నవ్వినప్పటికీ ఆ మాట మమ్మును ఆలోచింపజేసినది. సంఘములలో ప్రతి యేడు ఇట్టి ప్రశ్నలు వచ్చుచున్నవి. పాదిరి చెప్పిన మాటను బట్టి కుటుంబములు అప్పు చేయుచున్నవి, లేక మానుకొనుచున్నవి. కాబట్టి ఈ వ్యాసములో ఒక ప్రశ్నను చారిత్రకముగా పరిశీలింతము: ఒకే జాబితాలో ప్రక్క ప్రక్కన నిలుచున్న ఈ విద్యాసంస్థలు ఒకే పని కొరకు పుట్టినవేనా?

1. విశ్వవిద్యాలయములలోని రకములు

1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములలో విశ్వవిద్యాలయములు ఏర్పడినప్పుడు వాటికి మాదిరి లండన్ విశ్వవిద్యాలయము. అవి మొదట పాఠములు చెప్పలేదు. పాఠ్యప్రణాళిక నిర్ణయించుట, పరీక్ష పెట్టుట, పట్టా ఇచ్చుట వాటి పని. బోధన అంతయు కళాశాలలలోనే జరిగినది. మచిలీపట్నములో రాబర్ట్ నోబుల్ 1843లో ఆరంభించిన పాఠశాల, అనగా నేటి నోబుల్ కళాశాల, మద్రాసు విశ్వవిద్యాలయము కంటె వయస్సులో పెద్దది. విశ్వవిద్యాలయములు తామే బోధించుటకు 1904 నాటి చట్టము మార్గము తెరచినది. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయము, 1954లో తిరుపతిలో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము ఈ రెండు పనులను చేపట్టినవి: తమ ఆవరణలో బోధించుట, దూరపు కళాశాలలకు గుర్తింపునిచ్చి పరీక్షలు నడుపుట. దీనినే అనుబంధ పద్ధతి అంటున్నాము.

తరువాత వేరు రకములు వచ్చినవి. 1956 నాటి యు.జి.సి. చట్టము డీమ్డ్ విశ్వవిద్యాలయములకు చోటు కల్పించినది. విశాఖపట్నములోని గీతం 2007లో ఆ హోదా పొందినది. హైదరాబాదులో కేంద్రీయ విశ్వవిద్యాలయము 1974లో ఏర్పడినది. 2016 చట్టముతో ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు విశ్వవిద్యాలయములు ప్రవేశించినవి. ఈ రకము సంస్థలు సాధారణముగా ఆచార్యులను, ప్రయోగశాలలను, విద్యార్థులను తమ స్వంత ఆవరణలలో సమకూర్చుకొనును. పల్లెటూళ్ల కళాశాలల పరీక్షా పత్రములు దిద్దు భారము వాటిపై లేదు.

2. కావలిలో మారిన పేర్లు

కావలిలో 1951లో దొడ్ల రామచంద్రారెడ్డిగారి కృషితో జవహర్ భారతి కళాశాల వెలసినది. అంతకుముందు పై చదువు కావలెనన్న ఈ ప్రాంతపు పిల్లవాడు ఊరు విడిచి పోవలసినదే. మద్రాసు వెళ్లగలిగిన కుటుంబములు ఎన్ని ఉండును? తీరపు మత్స్యకారుల పిల్లలు, మెట్ట రైతుల పిల్లలు, మన సంఘములలోని కూలివారి పిల్లలు ఇంటి అన్నము తిని బి.ఏ. చదువుటకు ఈ కళాశాల దారి చూపినది.

ఈ కళాశాల తిరుపతి విశ్వవిద్యాలయమునకు అనుబంధముగా నడిచినది. 2008లో నెల్లూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయము ఏర్పడిన తరువాత జిల్లా కళాశాలలు దాని పరిధిలోనికి వచ్చినవి. కావలిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు పి.జి. కేంద్రము సయితము క్రొత్త విశ్వవిద్యాలయములో చేరినది. పట్టా మీది పేరు మారినందున తరగతి గదిలోని బోధన ఒక్కరోజులో పెరగలేదు, తరగలేదు. అయినను పాత పేరుకు ఉన్న గౌరవము క్రొత్త పేరుకు రావలెనంటే తరము పట్టునని పెద్దలు ఆనాడు బెంగపడ్డారు. ఆ బెంగ నిరాధారము కాదు. ఉద్యోగమిచ్చువాడు చాలాసార్లు పట్టా పైభాగమునే ముందు చూచును.

3. సెరంపూరు, రామాయపట్నము

ఇదే సంగతి మన వేదాంత విద్యలోను కనబడును. కేరీ, మార్ష్‌మన్, వార్డ్ 1818లో సెరంపూరు కళాశాలను స్థాపించారు. ఆ పట్టణము అప్పుడు డెన్మార్కు ఏలుబడిలో ఉండెను. డెన్మార్కు రాజు ఆరవ ఫ్రెడరిక్ 1827లో పట్టాలిచ్చు అధికారమును రాజశాసనముగా దయచేసెను. 1845లో పట్టణము ఆంగ్లేయులకు అమ్మబడినప్పుడు ఆ అధికారము కాపాడబడినది. అయినను తొలి బి.డి. పట్టాలు 1915లోనే ఇవ్వబడినవి. 1918లో బెంగాలు శాసనసభ చేసిన చట్టముతో సెనేటు ఏర్పడి, ఇతర వేదాంత కళాశాలలకు అనుబంధము ఇచ్చుట సాధ్యమైనది. 1964లో రాజమండ్రిలో ఆరంభమై తరువాత హైదరాబాదుకు తరలిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల ఆ పద్ధతిలోనే నడుచుచున్నది. కావున మన బి.డి. సయితము అనుబంధ పద్ధతి ఇచ్చిన ఫలమే.

పట్టా ఇచ్చు అధికారమే లేని విద్య ఒకటి మనకు మరింత దగ్గరలో ఉన్నది. కావలికి ఉత్తరాన సముద్రపు ఒడ్డున రామాయపట్నములో అమెరికను బాప్తిస్టు మిషను 1870 దశకములో సెమినరీ తెరచినది. తెలుగులో చదువను, వ్రాయను, బోధింపను నేర్పి బోధకులను పల్లెలకు పంపుట దాని పని. 1878 జూలై 3న ఒంగోలు క్షేత్రములో వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో 2,222 మంది ఒకే దినమున బాప్తిస్మము పొందారు. ఆ దినమున నీటిలో నిలిచి బాప్తిస్మమిచ్చినవారు క్లౌ దొరగారు కారు, ఆరుగురు తెలుగు బోధకులు. విశ్వవిద్యాలయపు పట్టాతో వారికి పని లేకపోయెను. సంఘము వారిని వారి పరిచర్యను బట్టి ఎరిగినది.

4. ర్యాంకుల కొలబద్ద

లోకములోని విశ్వవిద్యాలయములకు వరుస సంఖ్యలిచ్చు షాంఘై జాబితా 2003లో వెలువడినది. అందులో పూర్వ విద్యార్థులు, ఆచార్యులు పొందిన నోబెల్ వంటి బహుమానములకే నూటికి 30 పాళ్లు కేటాయించారు. మన దేశపు ఎన్.ఐ.ఆర్.ఎఫ్. 2015లో ప్రకటించబడి, 2016లో తొలి జాబితా ఇచ్చినది. విశ్వవిద్యాలయముల విషయములో బోధన, వనరులకు 30, పరిశోధనకు 30, విద్యార్థుల ఫలితములకు 20, అందరికి చోటిచ్చుటకు 10, పేరు ప్రతిష్ఠలకు 10 పాళ్లు. కళాశాలలకు వేరుగా జాబితా ఉన్నది. వేదాంత విద్యకు అందులో విభాగమే లేదు. ఆ కుర్రవానికి సెరంపూరు కనబడకపోవుటకు కారణము ఇదియే.

అనుబంధ కళాశాలలో జరిగిన బోధన విశ్వవిద్యాలయపు లెక్కలో చేరదు. కావలి పిల్లవాని పరీక్ష నడుపుటకు విశ్వవిద్యాలయము వెచ్చించిన శ్రమకు ర్యాంకులో విలువ లేదు. ఒక చోట సమకూర్చు సంస్థకు ఈ కొలబద్ద అనుకూలము, నలుదిక్కుల పంచిపెట్టు సంస్థకు ప్రతికూలము.

అట్లని ర్యాంకులను త్రోసిపుచ్చరాదు. అనుబంధ పద్ధతి పరీక్షనే చదువుగా చేసినదని, బట్టీయమును పెంచినదని విమర్శ నూరేండ్లకు పైబడి ఉన్నది. రాష్ట్ర విశ్వవిద్యాలయములలో ఆచార్యుల ఖాళీలు సంవత్సరముల తరబడి నిండకున్నప్పుడు ర్యాంకు పడిపోవుట న్యాయమైన హెచ్చరికయే. మన సెమినరీలును ఈ అద్దములో ముఖము చూచుకొనవలెను. గ్రంథాలయములో క్రొత్త పుస్తకము చేరి ఎన్నాళ్లయినదని మనలను మనము ప్రశ్నించుకొందము.

ముగింపు

మనము కూడ ర్యాంకులు కట్టుచున్నాము. సెరంపూరు పట్టా గలవానికి పట్టణ సంఘము, లేనివానికి పల్లె సంఘము అనుకొను అలవాటు మనలో లేదా? యాకోబు తన పత్రిక రెండవ అధ్యాయములో బంగారు ఉంగరము పెట్టుకొన్నవాని ఆసనమును గూర్చి వ్రాసిన హెచ్చరిక మన పట్టాలకును వర్తించును. బి.డి. పొందిన మేము దీనిని మొదట మాకే చెప్పుకొనుచున్నాము.

ఆ తండ్రితో మేము మూడు సంగతులు విచారించమన్నాము: ఆ ర్యాంకు విశ్వవిద్యాలయమంతటిదా, వీడు చదవబోవు శాఖదా? ఆ శాఖలో స్థిరముగా ఉన్న అధ్యాపకులెందరు? చదువు ముగిసిన పిల్లలు అప్పు తీర్చగలుగుచున్నారా? ఆయన రెండు ఊళ్లు తిరిగి, అడిగి వచ్చారు. చేను తాకట్టు పెట్టలేదు. పిల్లవాడు ఈ యేడు కావలిలోనే డిగ్రీలో చేరాడు. పి.జి.కి కేంద్రీయ విశ్వవిద్యాలయపు ప్రవేశ పరీక్ష వ్రాస్తానంటున్నాడు. వ్రాయమనియే చెప్పాము. అక్కడికి పోవు దారి కావలి మీదుగా కూడ ఉన్నదని వానికి తెలిసినది.