మిక్చర్ స్క్రూ కథ: మైలేజీకీ పొగకీ మధ్య గొడవ ఎక్కడ మొదలైంది?

మన కర్నూలులో ఏ పాత బైక్ మెకానిక్‌ షెడ్డు దగ్గరైనా తరచూ వినపడిన మాట ఒకటుంది: "అన్నా, మైలేజీ రావట్లేదు, కొంచెం చూడు." అన్న స్క్రూడ్రైవర్ తీసి, కార్బొరేటర్ పక్కనున్న చిన్న స్క్రూ తిప్పుతాడు, ఇంజన్ చప్పుడు వింటాడు, ఇంకాస్త తిప్పుతాడు. (నిజానికి ఆ స్క్రూ పని ఐడ్లింగ్‌లోనే ఎక్కువ. రోడ్డు మీద తేడా రావాలంటే లోపలున్న నీడిల్ క్లిప్పు మార్చాలి. మంచి మెకానిక్‌కి ఇది తెలుసు.)

ఏదైనా జరిగేది ఒకటే. పెట్రోల్ తగ్గి, గాలి వాటా పెరుగుతుంది. ఒక గ్రాము పెట్రోల్ పూర్తిగా కాలడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. అంతకన్నా గాలి ఎక్కువ పెట్టి కాల్చడమే లీన్ బర్న్. మైలేజీ వస్తుంది, కార్బన్ మోనాక్సైడ్ తగ్గుతుంది. మరి సమస్యేంటి? గాలి కొంచెమే ఎక్కువైనప్పుడు, అంటే 16 చుట్టుపక్కల, నైట్రోజన్ ఆక్సైడ్లు బాగా పెరుగుతాయి. వీటితోనే ఎండలో, నేల దగ్గర ఓజోన్ తయారవుతుంది. గాలి ఇంకా బాగా పెంచితే అవి తగ్గుతాయి, కానీ అప్పుడు మిక్చర్ సరిగ్గా అంటుకోదు, ఇంజన్ మిస్ కొడుతుంది.

అంటే అసలు సవాలు, అంటుకోని మిక్చర్‌ని అంటించడం. 1970లో అమెరికా తెచ్చిన క్లీన్ ఎయిర్ చట్టం కార్ల పొగను 90 శాతం తగ్గించమంది. పెద్ద కంపెనీలు కుదరదన్నాయి. హోండా మాత్రం సీవీసీసీ అనే ఇంజన్ తెచ్చింది. స్పార్క్ ప్లగ్ దగ్గర ఒక బుల్లి గది, అందులో పెట్రోల్ ఎక్కువున్న మిక్చర్. అది అంటుకుని, ఆ మంట పెద్ద గదిలోని పల్చటి మిక్చర్‌ని కాలుస్తుంది. క్యాటలిస్ట్ లేకుండానే 1975 పరిమితులు దాటింది. ఇది పెద్ద కార్లకి పనికిరాదన్న వాళ్ల నోరు మూయించడానికి, హోండా ఒక షెవర్లే ఇంపాలా వీ8 కొని, దానికీ ఇదే బిగించి, పరీక్ష పాస్ చేయించింది. నాకు ఈ కథలో బాగా నచ్చిన ముక్క ఇదే.

మన దగ్గర ఇదే పోరు బైకుల మీద జరిగింది. 2003లో పల్సర్ మీద డీటీఎస్-ఐ అని వచ్చింది, గుర్తుందా? ఒక సిలిండర్‌కి రెండు ప్లగ్‌లు. మంట రెండు వైపుల నుంచి పాకితే పల్చటి మిక్చర్ కూడా త్వరగా కాలుతుంది. 2007లో టీవీఎస్ మూడు వాల్వ్‌లు, రెండు ప్లగ్‌లతో ఫ్లేమ్ తెస్తామంటే, పేటెంట్ మాదని బజాజ్ మద్రాసు హైకోర్టుకెళ్లింది. ఫ్లేమ్ ఒక ప్లగ్‌తోనే మార్కెట్లోకి రావాల్సి వచ్చింది. 2009 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు టీవీఎస్‌ని అమ్ముకోనిచ్చింది. గొడవ పూర్తిగా సర్దుకున్నది 2019లో.

అప్పటికి ఆట మారిపోయింది. 1970ల చివర్లోనే వోల్వో, బాష్ కలిసి ఆక్సిజన్ సెన్సార్‌తో పాటు త్రీ-వే క్యాటలిస్ట్ తెచ్చాయి. అది కార్బన్ మోనాక్సైడ్, కాలని పెట్రోల్, నైట్రోజన్ ఆక్సైడ్లు, మూడింటినీ ఒకేసారి శుభ్రం చేస్తుంది, కానీ మిక్చర్ 14.7 దగ్గరే ఉండాలి. పొగలో ఆక్సిజన్ మిగిలితే నైట్రోజన్ ఆక్సైడ్ల మీద అది పని చేయదు. లీన్ బర్న్‌కి అదే దెబ్బ. 2020 ఏప్రిల్ 1న మనకి బీఎస్-6 వచ్చింది, బైకులకి నైట్రోజన్ ఆక్సైడ్ల హద్దు కిలోమీటరుకి 0.06 గ్రాములు. దాదాపు అన్ని కొత్త బండ్లలో కార్బొరేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది. తిప్పడానికి స్క్రూ లేదు, స్కానర్ కొనలేని మెకానిక్ అన్నకి ఆ పని కూడా పోయింది. చట్టం సరైనదే అని నేనంటాను, కానీ దాని ఖర్చు ఎవరి మీద పడిందో కూడా చూడాలి కదా.

ఇంకొకటి. సౌండ్ కోసం సైలెన్సర్ మార్పించేవాళ్లకి: చాలా బండ్లలో క్యాటలిస్ట్ ఆ పైపులోనే ఉంటుంది. అది తీసేసినా కంప్యూటర్ మిక్చర్‌ని ఆ 14.7 దగ్గరే ఉంచడానికి చూస్తుంది. అంటే అటు లీన్ బర్న్ మైలేజీ రాదు, ఇటు శుభ్రం చేసేది కూడా ఉండదు. ఆ పొగ నేరుగా మీ వెనక బండి మీదున్నవాళ్ల ముక్కులోకి వెళ్తుంది.