తలసరి లెక్కలో లేని తల

జిల్లాల తలసరి ఆదాయాల పట్టిక పేపర్లో వచ్చినప్పుడల్లా మా రాజమండ్రిలో ఒక వాదన మొదలవుతుంది. తూర్పు గొప్పా, పశ్చిమ గొప్పా? 2022లో ఆ రెండు జిల్లాలూ ఐదయ్యాయి, కొంత ఏజెన్సీ వేరే జిల్లాకి పోయింది. వాదన మాత్రం పోలేదు. చాలా ఏళ్ళు నేనూ క్లాసులో ఆ అంకెల్నే బోర్డు మీద రాసి పాఠం చెప్పాను. ఉత్పత్తిని జనాభాతో భాగిస్తే తలసరి వస్తుంది. పైన ఏం చేర్చారు, కింద ఎవర్ని లెక్కపెట్టారు అని నేను అడగలేదు, పిల్లలూ అడగలేదు.

అడగాల్సిన ప్రశ్నే అది. యూరప్‌లో లక్సెంబర్గ్, ఐర్లండ్ ఈ పట్టికల్లో ఎప్పుడూ పైనుంటాయి. లక్సెంబర్గ్ ఉద్యోగుల్లో దాదాపు సగంమంది పొరుగు దేశాల నుంచి రోజూ వచ్చిపోయేవాళ్ళే. వాళ్ళ పని పైన చేరుతుంది, వాళ్ళ తలలు కింద చేరవు. ఐర్లండ్‌లో విదేశీ కంపెనీల లాభాలు అంకెని ఎంత ఉబ్బించాయంటే, 2017లో ఆ దేశ గణాంక శాఖే వాటిని సవరించి వేరే కొలత ఇవ్వాల్సి వచ్చింది. కంపెనీల కోసం కొలతని మార్చగలిగారు. మరి ఆడవాళ్ళ కోసం?

మా పెద్దమ్మది పాలకొల్లు పక్క పల్లె. మధ్యాహ్నం అంట్లు తోమడం అయ్యాక అరుగు మీద కూర్చుని లేసు అల్లేది. ఏజెంటు దారం ఇచ్చేవాడు, అల్లింది అతనే పట్టుకెళ్ళేవాడు. ఒకసారి జనాభా లెక్కలకి వచ్చినాయన అడిగితే, "ఆవిడ ఏ పనీ చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది" అన్నారు పెదనాన్న. పెద్దమ్మ కూడా తలూపింది. అప్పుడు కూడా ఆమె చేతిలో సూది ఉంది.

నరసాపురం ప్రాంతానికి ఈ పనిని పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు తెచ్చారు. 1970ల చివర్లో ఇక్కడికొచ్చి అధ్యయనం చేసిన జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్, 1982లో ప్రచురించిన పుస్తకంలో చెప్పింది పెద్దమ్మ కథే. ప్రపంచ మార్కెట్ కోసం సరుకు తయారుచేస్తున్న వేలమంది స్త్రీలని 'తీరిక వేళల్లో ఏదో అల్లుకునే గృహిణులు'గా చూడడం వల్లే వాళ్ళకి అంత తక్కువ కూలి ఇవ్వడం సాధ్యమైందని ఆమె వాదన. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సరుక్కి గుర్తింపు వచ్చింది సరే, అల్లినవాళ్ళకో?

లేసు అమ్ముడుపోయే సరుకు కనుక, నియమం ప్రకారం లెక్కలోకి రావాలి. వంటకి ఆ నియమం కూడా లేదు. ఇంటి గేదె పాలు ఇంట్లోవాళ్ళే తాగినా ఉత్పత్తే. ఆ పాలు కాచి పోసిన పని ఉత్పత్తి కాదు. 2024 సమయ వినియోగ సర్వే ప్రకారం మన దేశంలో ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతున్నారు, చేసే మగవాళ్ళు 88 నిమిషాలు.

ఇప్పుడు కోనసీమ నుంచి కువైట్ వెళ్ళే ఒక తల్లిని తీసుకుందాం. ఊళ్ళో ఆమె వండినంతకాలం దాని విలువ సున్నా. అదే వంట అక్కడ జీతానికి చేస్తే కువైట్ ఉత్పత్తిలో చేరుతుంది. ఆమె పంపే డబ్బు జిల్లా ఉత్పత్తి కాదు. ఆమె పిల్లల్ని పెంచే అమ్మమ్మ శ్రమకీ లెక్క లేదు. కానీ ఊళ్ళో ఒక తల తగ్గింది కనుక, సూత్రం ప్రకారం జిల్లా తలసరి కాస్త పెరుగుతుంది! తల్లి వెళ్ళిపోతే 'అభివృద్ధి' చూపించే కొలత ఇది.

అంకెలు వద్దని నేననడం లేదు. ఏ మండలం వెనకబడిందో, నిధులు ఎక్కడికి పోవాలో తేల్చేటప్పుడు ఈ అంకెలే మాట్లాడతాయి. అందుకే అందులో ఎవరున్నారో మనం అడగాలి. ఇప్పుడు క్లాసులో సూత్రం రాసే ముందు పిల్లల్ని ఒక మాట అడుగుతున్నాను: "పొద్దున్న మీ ఇంట్లో అందరికన్నా ముందు లేచిందెవరు? ఆమె ఏమేం చేసింది?" ఆ జాబితాతో బోర్డు నిండిపోతుంది. సూత్రం రాయడానికి చోటుండదు.