నవ్వులపాలైన వాచీ గెలిచిందా? కోడ్ 11.59 కథ

ఈ ఎపిసోడ్‌లో ఒక్క వాచీ గురించే మాట్లాడుకుందాం. మనం కొంటామా లేదా అన్నది పక్కన పెట్టండి. 2019లో వచ్చినప్పుడే పాతిక వేల డాలర్లకు పైబడిన వాచీ అది! నాకు ఆసక్తి దాని ధర మీద కాదు, దాని మీద జరిగిన గొడవ మీద.

2019 జనవరి. జెనీవాలో వాచీల ప్రదర్శన. 1875లో పుట్టిన ఓడెమార్ పిగే కంపెనీ 'కోడ్ 11.59' పేరుతో ఒకేసారి 13 మోడళ్లు బయటపెట్టింది. గుండ్రటి ముఖం, బంగారు కేస్, తోలు బెల్ట్. డ్రెస్ వాచ్ అంటే సూట్ మీదకి పెట్టుకునే హుందా వాచీ కదా, ఆ దారిలో కొత్త ప్రయత్నం అన్నమాట. ఫోటోలు ఇలా వచ్చాయో లేదో, అలా ఇంటర్నెట్ అంతా నవ్వులే. డయల్ బోసిగా ఉందన్నారు. అంకెలు అతకలేదన్నారు. 41 మిల్లీమీటర్లుంటే డ్రెస్ వాచ్ ఎలా అవుతుందన్నారు.

ఇంత కోపం ఎందుకొచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1969 డిసెంబర్ 25న జపాన్‌లో సీకో కంపెనీ ఆస్ట్రాన్ అనే క్వార్ట్జ్ వాచీ అమ్మకానికి పెట్టింది. ఆ తర్వాతి ఏళ్లలో క్వార్ట్జ్ చవకయ్యేసరికి స్విస్ వాచీల పరిశ్రమ కుదేలైంది. ఆ రోజుల్లోనే, 1972లో, ఓడెమార్ పిగే 'రాయల్ ఓక్' తెచ్చింది. గీసింది జెరాల్డ్ జెంటా. ఎనిమిది పలకల అంచు, పైకి కనిపించే ఎనిమిది స్క్రూలు. స్టీల్ వాచీకి బంగారు వాచీ ధర! అప్పట్లో 39 మిల్లీమీటర్లంటే చాలా పెద్ద సైజు. జనం మొదట అనుమానంగానే చూశారు. కానీ పోను పోను కంపెనీని మోసింది ఆ వాచీయే. 2019 నాటికి ఓడెమార్ పిగే అంటే రాయల్ ఓక్, రాయల్ ఓక్ అంటే ఓడెమార్ పిగే.

అందుకే కోడ్ సమర్థకులు ఏమన్నారంటే, "రాయల్ ఓక్‌ని కూడా మొదట ఒప్పుకోలేదుగా, ఆగి చూడండి" అని. వినడానికి బానే ఉంటుంది. నాకు మాత్రం ఈ వాదన ఒప్పదు. జనం కాదన్న ప్రతి వస్తువూ క్లాసిక్ అయిపోదు. మొదటి రోజు తిట్లు తిన్నవాటిలో గెలిచినవే మనకి గుర్తుంటాయి, మిగతావి ఎవరికీ గుర్తుండవు.

మరి నిజం ఎవరి వైపు ఉంది? వాచీనే అడుగుదాం.

ఫోటోలో ముందు నుంచి చూస్తే మామూలు గుండ్రటి వాచీ. పక్కకి తిప్పితే కేస్ మధ్య భాగం ఎనిమిది పలకలు. అద్దం లోపలి వంపు ఒకలా, బయటి వంపు ఇంకోలా ఉంటుంది. బెల్ట్ పట్టుకునే కొమ్ములు పై అంచుకి మాత్రమే అతికి ఉంటాయి. ఈ పనితనం మన ఫోన్ స్క్రీన్ మీద కనపడదు. లోపల 4302 ఆటోమేటిక్, 4401 క్రోనోగ్రాఫ్ అనే కొత్త మెషిన్లు. తమాషా ఏంటంటే, 4302 అదే ఏడాది రాయల్ ఓక్‌లోకీ వెళ్లింది. అక్కడ దాన్ని ఎవరూ ఎగతాళి చేయలేదు!

అలాగని విమర్శకులది తప్పు అనలేం. కంపెనీ ఏం మార్చిందో చూడండి. 2020లో అంచుల దగ్గర ముదురయ్యే రంగు డయల్స్ వచ్చాయి. 2023లో స్టీల్ మోడళ్లు, వాటికి కొత్త అచ్చు నమూనా డయల్. అంటే జనం వేలు పెట్టి చూపించిన చోటే మరమ్మతు జరిగింది. కేస్ ఆకారం మాత్రం అలాగే ఉంచారు. అదే 2023 నవంబర్‌లో, 40 ఫంక్షన్లున్న కోడ్ 11.59 యూనివర్సెల్‌కి జెనీవాలో వాచీల అత్యున్నత బహుమతి 'ఎగీ దోర్' దక్కింది.

కాబట్టి నా లెక్క ఇది. డయల్ విషయంలో నవ్వినవాళ్లు కరెక్ట్, కేస్ విషయంలో ఆగి చూడమన్నవాళ్లు కరెక్ట్. పోస్టర్ చూసి సినిమా బాలేదనేయడం ఎంత తొందరో, పోస్టర్ బాలేదన్నవాడికి సినిమా తెలీదనడం కూడా అంతే తొందర. ఈసారి ఏదైనా కొత్త వస్తువు మీద గొడవ జరుగుతుంటే, ఏ భాగం మీద గొడవో ముందు అడగండి. సగం తగువు అక్కడే తీరిపోతుంది.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.