జపం

ఖమ్మం నుంచి భద్రాచలం దాకా అడవి అంచు ఊళ్లలో ఒక క్రైస్తవ కుటుంబం ఏ సంఘానిదో తెలియడానికి ఒక్క మాట చాలు. "సాయంత్రం ప్రార్థన పెట్టించినం, రండి" అంటే ప్రొటెస్టెంటులు. "జపం చెప్పుకోవాలె, పోతున్న" అంటే ఆర్సీఎం వాళ్లు, అంటే కతోలికులు. ప్రభువు శిష్యులకు నేర్పినదాన్ని వాళ్లు పరలోక ప్రార్థన అంటారు, వీళ్లు పరలోక జపం అంటారు. మరియమ్మకు గబ్రియేలు దూత చెప్పిన శుభవార్త మంగళవార్త జపం అయింది. మూడు పూటలా చెప్పుకునేది త్రికాల జపం. చేతిలో తిరిగేది జపమాల. ఇప్పటి పిల్లల నోట ఈ మాట తగ్గిపోయి, దాని చోట "ప్రేయర్" వచ్చి కూర్చుంటోంది. జపం పోనివ్వకూడని మాట అని నా గట్టి నమ్మకం.

ప్రార్థనలో ఉన్నది అర్థించడం. అర్థి అంటే యాచకుడు. "ప్ర" చేరితే ఆ అడగడం మరింత గట్టిపడుతుంది. ఇంగ్లీషు ప్రేయర్ కూడా ఇంతే. దాని మూలం లాటిన్‌లో వేడుకోవడమనే అర్థమున్న మాట, దానికి సంస్కృతంలో చుట్టం "ప్రశ్న". సంస్కృతానికీ లాటిన్‌కీ ఉన్న ఈ చుట్టరికాన్ని మొదట గుర్తించినవాళ్లలో ఒకరు మన తెలుగు నేల మీద పనిచేసిన ఫ్రెంచి జెస్విట్ గురువు, గాస్టన్ కూర్డూ. 1767లో ఆయన ఈ సంగతి పారిస్‌లోని పండితులకు రాసి పంపాడు. ప్రార్థన అన్నా ప్రేయర్ అన్నా అవతల వినేవాడు ఉండాలి, ఇవతల ఏదో ఒక కొరత ఉండాలి. బిడ్డకు మలేరియా జ్వరం కాస్తున్న రాత్రి ఆ మాటే కావాలి. అడగాల్సిన చోట అడగాల్సిందే.

జపం తీరు వేరు. దాని ధాతువుకు పలకడం అనే అర్థంతో పాటు మనసులో పలుకుకోవడం అనే అర్థాన్ని కూడా పాణినీయుల ధాతుపాఠం ఇస్తుంది. పెదవుల మధ్య సన్నగా గొణుక్కోవడం ఈ మాటకు వేదకాలం నుంచీ ఉన్న అర్థం. మనుస్మృతి రెండో అధ్యాయంలో జపానికి మెట్లు కట్టారు. విధి ప్రకారం చేసే యజ్ఞం కంటే జపం పదింతలు మేలు, పక్కవాడికి వినపడని ఉపాంశు జపం నూరింతలు, మానస జపం వెయ్యింతలు. గొంతు తగ్గుతున్నకొద్దీ విలువ పెరుగుతుంది. నెయ్యీ సమిధలూ కొనలేనివాడికి, పురోహితుణ్ణి పిలవలేనివాడికి మిగిలే యజ్ఞం అది. గీతలో కృష్ణుడు యజ్ఞాలలో తాను జపయజ్ఞాన్నని చెప్పుకున్నాడంటే ఆ మాటకు ఎంత బరువుందో ఊహించుకోవచ్చు.

బైబిలులో ఉపాంశు జపం చేసిన మనిషి ఎవరని అడిగితే నేను వెంటనే హన్నా పేరు చెబుతాను. సమూయేలు మొదటి గ్రంథం మొదటి అధ్యాయంలో ఆమె షిలో మందిరం దగ్గర నిలబడి ఉంటుంది. పిల్లలు లేని బాధ. పెదవులు కదులుతున్నాయి, గొంతు వినపడడం లేదు. గుమ్మం దగ్గర కూర్చున్న యాజకుడు ఏలీ ఆమె తాగి ఉందనుకుని మందలించాడు. ఇంతమంది యాజకులకూ రాజులకూ చోటిచ్చిన గ్రంథం, ఒక ఇల్లాలి పెదవుల కదలికను అంత దగ్గరగా చూసి రాసిపెట్టింది. ఆ కదలికకు మన భాషలో సరిగ్గా అతికే పేరు జపమే.

ఈ మాట కతోలికుల చేతికి అందడం వెనక పెద్ద కథే ఉంది. 1606లో మదురై చేరిన జెస్విట్ గురువు రాబర్టో ది నోబిలి, విదేశీ మాటల్ని అలాగే దించకుండా ఈ దేశపు మతభాషతోనే క్రీస్తును చెప్పాలని పట్టుబట్టాడు. 18వ శతాబ్దం మొదట్లో కర్ణాటక మిషన్ పేరుతో రాయలసీమ వైపు వచ్చిన జెస్విట్లది కూడా ఆ ఒరవడే. అందుకే కతోలికులు ఈనాటికీ పూజకు పోతారు, గురువు ఆశీర్వాదం తీసుకుంటారు, బాప్తిస్మం అనకుండా జ్ఞానస్నానం అంటారు. తమిళంలో ఇదే మాట చెబమై, అక్కడి ప్రొటెస్టెంటులకు కూడా సొంతమైంది. తెలుగులో మాత్రం దారులు చీలాయి.

రెండో వాటికన్ మహాసభ 1963లో ఆరాధన సంస్కరణకు పత్రం వెలువరించేదాకా పూజ లాటిన్‌లో సాగేది. గురువు పీఠం వైపు తిరిగి తనకు వచ్చిన భాషలో చెప్పుకుపోతుంటే, వెనక నేల మీద కూర్చున్న ఆడవాళ్లు ఆ సేపంతా జపమాల తిప్పుకునేవాళ్లు. దాన్ని అజ్ఞానమని తర్వాత చాలామంది కొట్టిపారేశారు. నేను ఒప్పుకోను. గుడిలో తెలుగు బతికిన చోటు ఆ పెదవులే. బళ్లోకి పోని మనిషి దేవుడితో తన భాషలో మాట్లాడుకోగలిగిన చోటూ అదే. జపమాల పుట్టుకలోనే ఈ సంగతి ఉంది. యూరప్‌లో మఠవాసులు 150 దావీదు కీర్తనలు చదువుకుంటుంటే, చదువురాని జనం వాటికి బదులుగా 150 సార్లు చిన్న జపం చెప్పుకుని, లెక్క తప్పకుండా పూసలు పట్టుకున్నారు. ఇంగ్లీషులో పూసను బీడ్ అంటారే, ఆ మాటకు మొదటి అర్థం జపమే. వేలితో జరిపే గింజకు జపం పేరు వచ్చి, చివరకు పేరు మిగిలి జపం మరుగున పడింది. మన జపమాలలో జపం ఇంకా వినపడుతూనే ఉంది.

చెప్పిందే చెప్పడం ఎందుకని ప్రొటెస్టెంటు మిత్రులు అడుగుతారు. మత్తయి సువార్త ఆరో అధ్యాయంలో ప్రభువు వ్యర్థంగా మాటలు పెంచవద్దన్నాడు కదా అంటారు. అది న్యాయమైన ప్రశ్న. కానీ అదే సువార్త 26వ అధ్యాయంలో గెత్సేమనే తోటలో ప్రభువు మూడోసారి కూడా ఆ మాటలే చెప్పి ప్రార్థించాడని ఉంది. మరీ కష్టంలో ఉన్న మనిషికి కొత్త మాటలు దొరకవు. ఎరికో దారిలో గుడ్డివాడు బర్తిమయి కూడా జనం గదిమినకొద్దీ ఒకే కేక వేశాడు. ప్రభువు ఖండించింది జనం చూడాలని, దేవుణ్ణి మాటలతో లొంగదీయాలని చేసే ఆర్భాటాన్ని. పెదవి దాటని పలుకులో ఆర్భాటానికి చోటెక్కడ?

పైగా ఇది భద్రాచలం సీమ. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీల్దారుగా వచ్చి భక్త రామదాసైన నేల. రామనామ జపం ఇక్కడి వాళ్లకు ఉగ్గుపాలతో అబ్బింది. రామకోటి రాసుకునే ముసలివాళ్లు ఇప్పటికీ కనపడతారు. అందుకే గుమ్మంలో కూర్చుని పెదవులు కదిలిస్తున్న కతోలిక పెద్దమ్మను పక్కింటి కోడలు పలకరించబోయి ఆగిపోతుంది. "జపంల ఉన్నట్టుంది, తర్వాత వస్త" అని మళ్లిపోతుంది. ఎవరి నామం జపిస్తుందో ఆమెకు అక్కర్లేదు. మాట ఒకటే కావడం వల్ల దక్కిన మర్యాద అది. ప్రేయర్ అనే మాటకు ఆ గడప దాటే చనువు రాలేదు.

ఇక్కడి పనులు కూడా జపానికే వీలిస్తాయి. వేసవిలో తునికాకు పని చూడండి. చీకటితోనే అడవికి పోయి, ఎండ ముదిరేలోపు ఆకు కోసుకుని మూటతో ఇల్లు చేరతారు. ఆ తర్వాత చెట్టు నీడన కూర్చుని కట్టలు కట్టాలి. కట్టకు 50 ఆకులు. తక్కువైతే కల్లం దగ్గర కల్లేదారు ఒప్పుకోడు. ఆకు మీద ఆకు పేర్చి, ఈనెలన్నీ ఒకవైపుకు తెచ్చి, నారతో బిగించి పక్కన పెడతారు. చేతులు ఖాళీ లేవు, మోకాళ్లూనే తీరిక లేదు, పుస్తకం తెరిచే మాటే లేదు. జపమాలలో పదేసి చొప్పున అయిదు దశకాలు, అంటే 50 మంగళవార్త జపాలు. ఆకుకొక జపం చెప్పుకుంటే కట్ట పూర్తయ్యేసరికి జపమాల పూర్తవుతుంది, లెక్కా తప్పదు. అలా ఆకులు పేర్చుతూ పెదవులు కదిపే ఒక పెద్దావిడను దగ్గర కూర్చుని చూశాను. పదో ఆకు దగ్గర బొటనవేలు క్షణం ఆగుతుంది. మళ్లీ సాగుతుంది. మిరప తోటలో కాయలేరే కూలికైనా, కొత్తగూడెం బొగ్గు బాయిల్లోకి షిఫ్టుకు దిగే మనిషికైనా ఇంతకంటే వీలైన దారి నాకు తోచదు.

త్రికాల జపం కూడా ఈ వీలుకు సరిపోయేదే. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం గుడిగంట మోగితే ఉన్నచోటే ఆగి చెప్పుకునే రెండు నిమిషాల జపం. ఫ్రెంచి చిత్రకారుడు మియే గీసిన ఏంజెలస్ బొమ్మలో బంగాళదుంపల చేలో తలవంచి నిలబడ్డ రైతు దంపతులు చేస్తున్నది ఇదే. పొలంలో గంట వినపడగానే నాయనమ్మ అందరినీ పని ఆపించేదన్న జ్ఞాపకంతో ఆ బొమ్మ వేశానని ఆయన చెప్పుకున్నాడు. తెలుగులో దానికి త్రికాల జపమని పేరు పెట్టినవారు త్రికాల సంధ్యను మనసులో ఉంచుకునే పెట్టి ఉంటారని నాకనిపిస్తుంది. గుడిగంట వినపడనంత లోపలి ఊళ్లలో పొద్దే గంట.

ఇంకా చిన్నవి కూడా ఉన్నాయి. ఒక్క శ్వాసలో అయిపోయే పలుకును మలయాళంలో సుకృతజపం అంటారు. ఈ ప్రాంతాల్లో బడులూ ఆసుపత్రులూ నడిపే సిస్టరమ్మల్లో కేరళ నుంచి వచ్చినవాళ్లు చాలామంది. వాళ్లకు ఆ మాట అమ్మ నేర్పిన మాట. పొయ్యి వెలిగించేటప్పుడు, విత్తనం చేతికి తీసుకునేటప్పుడు, కిన్నెరసాని పొంగిన రోజు వాగు దాటేటప్పుడు యేసు నామం ఒక్కసారి. దాని కోసం సమయం కేటాయించనక్కర్లేదు. ఏకధాటిగా ప్రార్థించండని పౌలు తెస్సలోనిక సంఘానికి రాసిన ఉత్తరంలో చెప్పినదాన్ని కూలినాలి చేసుకునే మనిషి పాటించగలిగే తీరు ఇదే.

తెలుగు వ్యాకరణం కూడా ఇక్కడ ఒక చెయ్యి వేసింది. ప్రార్థన చేస్తాం, చేయిస్తాం, పెట్టిస్తాం. పాస్టరునో ఫాదరునో పిలిచి మన కోసం చేయించుకోవచ్చు. జపం చెప్పుకుంటాం. ఆ "కొను" తనకు తానుగా, తనలో తాను చేసే పనికి గుర్తు. తినిపించవచ్చు గాని ఆకలి ఎవరిది వాళ్లే తీర్చుకోవాలన్నట్టు, ఈ పని ఇంకొకరికి అప్పజెప్పేది కాదు.

ఈ సీమకు 1952లో వరంగల్ మేత్రాసనం, అంటే ఒక బిషప్పు పాలించే ప్రాంతం, ఏర్పడింది. అందులోంచి 1988లో ఖమ్మం విడిపడింది. అయినా లోపలి గూడేలకు గురువు వచ్చి పూజ చేసే రోజులు తక్కువే. మిగతా రోజుల్లో విశ్వాసాన్ని నిలబెట్టేది ఉపదేశి, ఇళ్లలో సాయంత్రపు జపం. అక్కడ ఒక చిక్కు ఉంది. ఈ జపాలన్నీ గ్రాంథిక తెలుగులో ఉన్నాయి. కోయ ఇంట్లో పుట్టిన ముసలమ్మకు అవి వెనకటి లాటిన్ పూజకంటే ఎంత దగ్గర? వరస తప్పకుండా ఒప్పజెబుతుంది, నిజమే. కానీ ఇంట్లో మనవణ్ణి ముద్దుచేసే భాష అది కాదు. ఉపదేశులకు జపాలు నేర్పేటప్పుడు, కోయలో చెప్పుకోవడం కూడా జపమేనని వాళ్ల చేత ఊళ్లో చెప్పించాలి. తప్పులు పోతాయని భయపడి ఆపకూడదు. పైకి వినపడని పలుకుకు భాష సరిదిద్దేవాళ్లెవరూ అక్కర్లేదు.