దూపకు నీళ్లడిగితే

దగ్గరికి జరుగుండ్రి బిడ్డా, పొగ అటు కొడుతున్నది, ఇటు కూసోండ్రి. కందికట్టె వేసిన, ఇగ మంట నిలబడతది. ఇందాక అన్నం తినేటప్పుడు ఒక మాట అడిగినవు గదా, తాతా, మీ కాలంల నీళ్ల సీసాలు లేవు, ఎండల పడి ఊర్లకు ఊర్లు నడిచిపోయేటోళ్లు నీళ్లెక్కడ తాగేటోళ్లు అని. మంచి మాట అడిగినవు.

అడుక్కొని తాగేటోళ్లం. ఏ ఊరి మీదికెళ్లి పోతే ఆ ఊర్ల, ఎవరి వాకిట్ల నీడుంటే ఆడ నిలబడి, "అమ్మా, దూపైతున్నది, ఇన్ని మంచినీళ్లు పొయ్యిండ్రి" అనేది. లోపలికెళ్లి చెంబొచ్చేది. ఏ ఊరు, ఎవరి బిడ్డవు అనేది తాగినంక అడిగే ముచ్చట. మా నాయినమ్మ అయితే ఎండకెళ్లి వచ్చినోన్ని వెంటనే తాగనిచ్చేది కాదు. "జరసేపు కూసో నాయినా, చెమట ఆరనియ్యి" అని ఇంత బెల్లం ముక్క చేతుల పెట్టేది. అది నోట్ల కరిగినంకనే నీళ్లు. పాడి ఉన్న ఇల్లయితే నీళ్లడిగినోనికి సల్లనే పోసేటోళ్లు, ఉప్పు కలిపి. వట్టి నీళ్లు తాపి పంపాలంటే ఇంటామెకు మనసొప్పకపోయేది.

ఆ నీళ్లు ఊరికే వచ్చినయి కావు. మన ఇంటెనుక బాయి నీళ్లు ఉప్పటివి, పప్పు ఉడకని నీళ్లు. స్నానానికి, గొడ్లకు తప్ప పనికిరావు. మంచినీళ్లు చెరువు కింది చేదబాయికెళ్లి రావాలె. ఆడోళ్లు కోడి కూయంగనే లేచి, నెత్తి మీద ఒక బిందె, చంకల ఒక బిందె మోసేటోళ్లు. ఎండకాలం వచ్చిందంటే చేంతాడు అందక ఇంకో తాడు ముడేసుకునేది. ఊట కోసం బాయి గడ్డ మీద వంతులు కాసేది. అంత కష్టపడి తెచ్చిన నీళ్లల్ల నుంచి, మల్ల ఎన్నడు కనపడని మనిషికి చెంబెడు ముంచి ఇచ్చేటోళ్లు. ఇప్పుడు నల్లా తిప్పితే వస్తున్నయి, నడిఇంట్ల మిషను పెట్టుకొని చల్లగ చేసుకుంటున్నం. ఇచ్చే చెయ్యి మాత్రం ముందుకు వస్తలేదు. రాత్రి పండుకున్నంక కూడ నేను ఇదే ఆలోచిస్త.

శివరాత్రి పోయిందంటే ఊరి బయట మర్రిచెట్టు కింద చలివేంద్రం లేసేది. పందిరి మీద తాటికమ్మలు, కింద ఇసుక మెత్త, ఇసుకల సగం దాక దిగేసిన రంజన్లు, వాటికి చుట్టిన తడి గోనెపట్టాలు. మట్టిరంజన్ ఒళ్లు చెమరుస్తది, ఆ చెమట గాలికి ఆరుతుంటె లోపలి నీళ్లు చల్లబడతయి. కొందరు ఇన్ని వట్టివేళ్లు వేసేటోళ్లు, వాసనకు. ఎవరో ఒక ముసలామె పొద్దంత ఆడనే కూసోని పోసేది. ఊరోళ్లు ఆమెకు పంట మీద ఇన్ని జొన్నలు కొలిచేటోళ్లు. ఇప్పుడు కూడ చలివేంద్రాలు పెడుతున్నరు, కాదంటలేను. పెద్ద ఫ్లెక్సీ కడతరు, ఫోటోలు దిగుతరు. రోజు రోజు కడిగి నింపేటోళ్లున్న చోట్ల అవి ఎండకాలమంత నడుస్తున్నయి, అసోంటోళ్లకు దండం పెట్టాలె. లేని చోట్ల నాలుగో రోజుకు కుండ అడుగంటుతది.

రైళ్లల్ల చూడాలె ఆ సంబురం. కాజీపేటల బండి ఆగంగనే డబ్బకొకరిద్దరు దిగేటోళ్లు. కిటికీలకెళ్లి మరచెంబులు, కూజలు, సత్తు గ్లాసులు చేతుల మీద చేతులు దాటి వాళ్ల దగ్గరికి పోయేటియి. ఎవరి చెంబు ఏదో ఆ దిగిన పిలగానికే తెలువదు. నింపుకొని ఉరికొచ్చి డబ్బలకు అందిస్తె, ఎవరిది వాళ్లకు చేరేది. బండి కదిలినా కూడ ఇంకా నల్లా కాడనే ఉన్నోని కోసం లోపలోళ్లంత కిటికీలకెళ్లి కేకలు. ముందు ఎరుగని మనిషి చేతికి ఇంటి ఇత్తడి చెంబు ఇచ్చుడు, ఆయన తెచ్చిన నీళ్లు తాగుడు, ఆ రోజుల్ల ఎవరికీ వింతగ అనిపించలేదు.

కానీ బిడ్డా, నేను చెప్పేది విని ఆ కాలమంత బంగారమనుకోకుండ్రి. అట్ల చెప్పి పంపితే మిమ్మల్ని మోసం చేసినోన్ని అయిత. అదే వాకిట్ల, అదే నాయినమ్మ, మాలవాడకెళ్లో మాదిగవాడకెళ్లో వచ్చినోళ్లు అడిగితే చెంబు చేతికిచ్చేది కాదు. వాళ్లు వాకిలి కిందనే ఒంగి దోసిలి పట్టాలె, ఈమె పైకెళ్లి ధార పొయ్యాలె. ఎత్తు తగ్గితే తప్పు. నడుము ఒంగిన మనిషి మోచేతుల మీదికెళ్లి నీళ్లు కారుతుంటె, సగం నోట్లకు, సగం మట్టిలకు. చేదబాయి గడ్డ వాళ్లు ఎక్కేది లేదు. కింద బిందెలు పెట్టుకొని, ఎవరన్న చేది పోస్తరేమోనని పొద్దెక్కేదాక నిలబడేటోళ్లు. బాయి తవ్వేటప్పుడు మట్టి మోసింది మాత్రం వాళ్లే. బెల్లం ముక్క పెట్టిన చెయ్యి, ఎత్తుకెళ్లి నీళ్లు పోసిన చెయ్యి ఒకటే. రెండూ నేను చూసిన, ఒకటి దాచి ఒకటి చెప్పలేను.

ఇంగ్లీషోళ్ల కాలంల రైలు స్టేషన్లల్ల హిందువులకొక కుండ, ముసల్మానులకొక కుండ వేరుగ పెట్టేటోళ్లని మా పెద్దలు చెప్పేటోళ్లు. 1927 మార్చి 20న అంబేడ్కర్ మహాడ్‌ల చవదార్ చెరువుకు వేలమందిని తోలుకపోయి దోసెడు నీళ్లు తాగిండు. గొడ్లు, కోళ్లు తాగొచ్చు, ఎద్దులు దిగొచ్చు, అంటరానోడన్న మనిషి మాత్రం ముట్టొద్దన్న చెరువు అది. అందుకే రాజ్యాంగం 15వ అధికరణంల బాయిలు, చెరువులు, స్నానాల రేవులు అని పేరు పెట్టి మరీ రాసుకున్నరు, అడ్డుపెట్టొద్దని. 17వ అధికరణం అంటరానితనాన్నే కొట్టేసింది. 1955ల శిక్ష వేసే చట్టం వచ్చింది. అంత పెద్ద గ్రంథంల బాయి మాట రాయాల్సి వచ్చిందంటే, బాయి గడ్డ మీద ఎంత అన్యాయం జరిగి ఉంటదో మీరే ఆలోచించుండ్రి.

మన ఊర్ల ఆ కట్టు కొంచెం సడలింది బోరింగు తోటి. సర్కారోళ్లు బడి ముందర బోరు దింపి చేతిపంపు పెట్టిండ్రు. ఇనుప కాడ, ఎవరు పట్టినా అదే కాడ. మొదట్ల గులిగిండ్రు, కొందరు కాడను కడిగి పట్టుకున్నరు. ఎన్నాళ్లు కడుగుతరు? బిందెల వరుసల అన్ని వాడలోళ్లు నిలబడ్డరు. కొన్ని ఊర్లల్ల వాడకొక పంపు అడిగి వేయించుకొని దూరం అట్లనే ఉంచుకున్నరు, అది కూడ నిజమే.

ఆ బోరు నీళ్లే మన నల్లగొండకు ఇంకో గోస తెచ్చినయి. ఇక్కడి భూమి కింద గ్రానైటు రాయి, ఆ రాతిల ఫ్లోరైడు. పైపైన ఊరే బాయి నీళ్లల్ల అది తక్కువ కలుస్తది. లోతుకు పోయినకొద్దీ, రాయిల ఏండ్లకేండ్లు నిలిచిన నీళ్లల్ల ఎక్కువైతది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటరు. మర్రిగూడ, మునుగోడు దిక్కు పల్లెలల్ల అది ఎప్పుడో దాటింది. పిలగాండ్ల పండ్లు పచ్చబడి గారలు కట్టినయి. మోకాళ్లు వంకరపోయినయి. నడీడు మనుషులకు మెడ తిరగదు, వెన్ను వంగదు, మంచంల పక్కకు ఒత్తిగిలాలంటే ఇంకొకరు పట్టాలె. ఇది కొత్తగ తెలిసిన రోగం కాదు. 1937లనే అప్పటి నెల్లూరు జిల్లా పల్లెలల్ల డాక్టర్లు చూసి రాసిండ్రు. నాగ్‌పూర్‌లున్న నీరి సంస్థోళ్లు పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును అడుక్కు దించే ఉపాయం కనిపెట్టి, దానికి మన జిల్లా పేరే పెట్టిండ్రు, నల్లగొండ టెక్నిక్ అని. పేరు ప్రపంచమంత పోయింది, నీళ్లు మాత్రం మన ఇండ్లకు చానా ఏండ్లు రాలేదు. 1967ల నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లిడిచిండ్రు, డ్యాము ఒక ఒడ్డు మన జిల్లాలనే. మిట్ట మీదున్న మన పల్లెలు దూపతోనే ఉన్నయి. మిషన్ భగీరథ 2016ల గజ్వేల్ కాడ మొదలై నది నీళ్లు పైపులల్ల వచ్చేదాక రెండు తరాల బొక్కలు వంగినయి.

ఆ నడుమనే వచ్చింది క్యాను. 20 లీటర్ల నీలిరంగు క్యాను, ఆటోల వచ్చి వాకిట్ల దిగుతది. నేను దాన్ని తిట్టను. బిడ్డల కాళ్లు వంకరపోతుంటె తల్లి ఏం చేస్తది, కూలి పైసలల్ల కొన్ని తీసి మంచినీళ్లు కొన్నది. మన దేశంల సీసా నీళ్లు 1965ల బొంబాయిల మొదలైనయి, గాజు సీసాలల్ల, పెద్దోళ్ల కోసం. అది మన గడప దాక రావడానికి కారణం సోకు కాదు, భయం. అయితే రేటు కట్టిన నీళ్లు వచ్చినంక, మనిషి మనసుల ఒక లెక్క చేరింది. బాయి నీళ్లు చెంబెడు పోస్తె ఎవరూ లెక్క చూసుకోలేదు. క్యాను నీళ్లు పోస్తుంటె క్యాను ఎంత దిగిందో కన్ను చూస్తది. అడిగేటోనికి కూడ అది తెలుసు. అందుకే అడుగుతలేడు. దుకాణం కనపడేదాక దూపతోనే పోతడు.

మొన్నటి ఎండకాలం మీ ఫ్లాటుకు వచ్చినప్పుడు చూసిన. మధ్యాహ్నం ఎవరో పిలగాడు పార్సిల్ తెచ్చిండు. పెదవులు తెల్లగ పొక్కు కట్టి ఉన్నయి. నీళ్లు తాగుతవా బిడ్డా అంటే, వద్దు సార్ అన్నడు. రెండోసారి అడిగితే తలూపిండు. గ్లాసు తెచ్చిచ్చిన. ఎవరు చెప్పకముందే, గ్లాసును ఎత్తి పట్టి, పెదవి తగలకుంట పోసుకున్నడు. నా గుండె జల్లుమన్నది. కరిచి తాగు నాయినా, ఏం కాదు అన్న. మల్ల మల్ల పోస్తె తాగిండు. "ఎవర్ని అడగాలన్నా భయమైతది సార్, ఏమనుకుంటరోనని" అన్నడు. కిందికి పొయ్యేటప్పుడు లిఫ్టు కాడ ఆగలే, మెట్ల దిక్కు పోయిండు. లిఫ్టు ముందర బోర్డు ఉన్నది, పనోళ్లు, సామాను తెచ్చేటోళ్లు ఇది ఎక్కొద్దని. ఇల్లు తుడిచే ఆమెకు వంటింట్ల ఒక గ్లాసు వేరుగ బోర్లించి ఉంటది చానా ఇండ్లల్ల. మీరు అసోంటిది చూస్తె ఊకోకుండ్రి. మా కాలంల దోసిలి పట్టించినోళ్లకు ఆచారమని చెప్పుకునే సాకు ఒకటి ఉండె. చదువుకున్న ఇండ్లల్ల ఏ సాకు చెప్తరు? శుభ్రమంటరు. ఆమె కడిగిన గ్లాసులల్లనే వీళ్లు తాగుతరు గదా.

పట్నం అంటే గుర్తొచ్చింది. గండిపేట నీళ్లు తాగినోడు హైదరాబాదు ఇడిచి పోడని అనేటోళ్లు. 1908ల మూసీ పొంగి పట్నాన్ని ముంచినంక, మల్ల అట్ల కావొద్దని కట్టుకున్న చెరువు అది, 1920ల పూర్తయింది. బయటికెళ్లి బతకొచ్చినోన్ని ఆ ఊరు నీళ్లు పోసి నిలుపుకున్నదని ఆ మాటకు అర్థం. ఇప్పుడు బతకొచ్చినోడే పార్సిల్ మోస్తున్నడు.

మీ అపార్టుమెంటు గేటు కాడ రంజన్ పెడ్దామని మీ నాయిన మీటింగుల అంటే, ఒకాయన అడ్డం లేసిండట, ఎవరెవరో వచ్చి ఆడ నిలబడతరని. నిలబడనియ్యాలె మరి. వాచ్‌మన్ నిలబడతడు, చెత్త బండి ఆమె నిలబడతది, బండి నడిపే పిలగాండ్లు నిలబడతరు. ఆ నీడల వాళ్లు రెండు నిమిషాలు ఆగితే గేటుకు ఏం తరుగు రాదు. ఆయనతోని మీ నాయిన మల్లొకసారి మాట్లాడుతడు, నేను కూడ వచ్చి మాట్లాడుత.

శివరాత్రికి ముందుగాల్నే నేను కుమ్మరాయనకు చెప్పి నల్లా ఉన్న రంజన్లు రెండు పంపుత. కొత్త రంజన్‌ను నిండ నీళ్లు పోసి నానబెట్టుండ్రి, మొదటి నీళ్లు మట్టి వాసనొస్తయి, చెట్లకు పొయ్యిండ్రి. కింద ఇసుక, చుట్టు తడి గోనెపట్టా, పైన మూత. ఇంట్ల మీరు తాగే నీళ్లే అందుల పొయ్యాలె, వేరే నీళ్లు కాదు. పొద్దున కడుగుడు నీ వంతు, సాయంత్రం నింపుడు చెల్లె వంతు, బడికి సెలవులు ఇచ్చినంక ఇద్దరు కలిసి చూసుకోండ్రి. స్టీలు గ్లాసులు నాలుగు పెట్టుండ్రి. వాటిని గొలుసు వేసి కట్టేసుడు మాత్రం వద్దు. ఎవరన్న తీసుకపోతే నాకు ఫోన్ చెయ్యిండ్రి, మల్ల కొని పంపుత.